నల్లాకు పెట్టిన మోటారు ముందు ఎవరు తీయాలి?

మా గల్లీకి రోజు విడిచి రోజు నల్లా వస్తుంది, పొద్దున ఐదున్నరకు. హైదరాబాద్ రాంనగర్ వెనకవైపు పాత గల్లీ, అటూ ఇటూ కలిపి పదిహేడు ఇళ్లు. ఐదు ఇరవై నుంచే ఒక్కో ఇంట్లో మోటారు మొదలవుతుంది. నీళ్లు ఇంకా పైపులోకి రానే రావు, అయినా ఆన్ చేసి పెట్టుకుంటారు. పక్కింటివాళ్ల కంటే అర నిమిషం వెనకబడితే ఆ అర నిమిషం నీళ్లు పోయినట్టే. సంపు మూత పక్కకు జరిపి, గాలి పీలుస్తున్న మోటారు చప్పుడు నీళ్లు లాగుతున్న చప్పుడుగా ఎప్పుడు మారుతుందా అని చెవి వేసి కూర్చోవడం మాకు అలవాటైపోయింది.

ఈ మోటార్లు మొదటి నుంచీ లేవు. గల్లీ చివర కాస్త ఎత్తు మీద ఉన్న ఇంటికి ధార సన్నగా వచ్చేది. వాళ్లు నల్లా పైపుకే అర హార్స్‌పవర్ మోటారు బిగించారు. వాళ్ల బాధ నిజమైనదే, కాదనను. కానీ దాంతో వాళ్లకు ముందున్న రెండిళ్లకు ధార తగ్గింది. వాళ్లూ పెట్టారు. ఆ తర్వాత వాళ్ల ఎదురింటివాళ్లు. రెండు ఎండాకాలాలు తిరిగేసరికి, మాతో సహా, పదిహేడు ఇళ్లకూ మోటార్లు వచ్చేశాయి.

ఇప్పుడు లెక్క చూడండి. మెయిన్ పైపులో వచ్చే నీళ్లు చుక్క కూడా పెరగలేదు. ఎవరి వాటా వాళ్లకు దాదాపు మునుపటంతే వస్తోంది. కొత్తగా వచ్చినవల్లా మోటారు ఖర్చు, కరెంటు బిల్లు, ఏడాదికోసారి వైండింగ్ ఖర్చు. ఇంకో సంగతి కూడా ఉంది. ఇన్ని మోటార్లు ఒకేసారి లాగితే పైపులో ఒత్తిడి పడిపోతుంది, ఎక్కడైనా జాయింటు లూజుగా ఉంటే చుట్టూ ఉన్న మురికి నీరు లోపలికి వస్తుంది. అందుకే మొదటి ఐదు నిమిషాల నీళ్లు బకెట్‌లో పట్టి మోరీలో పారబోస్తాం. అంటే మోటార్లు లేని రోజుల కంటే అందరం ఒక మెట్టు కిందే ఉన్నాం. ఈ సంగతి గల్లీలో తెలియనివాళ్లు లేరు.

మూడో నంబరు ఇంట్లో ఉండే రిటైర్డ్ టీచరుగారిని ఒకసారి అడిగాను, "సార్, అందరం ఒక్కసారే మోటార్లు తీసేస్తే ఎట్లుంటది?" అని. ఆయన నవ్వారు. "మంచిగుంటది. అందరు తీస్తే నేను గూడ తీస్త. నేనొక్కన్ని తీసి నా సంపు ఎండబెట్టుకోవాల్నా?" ఆ తర్వాత పట్టుదల వచ్చి ఇంకో ఎనిమిది ఇళ్లలో అడిగాను. మాటలు వేరు గానీ జవాబు అదే. "నేను తీయను" అన్నవాళ్లు ఒక్కరూ లేరు.

మనుషులు కలిసి ఒక పని ఎందుకు చేయలేకపోతారన్న ప్రశ్న వచ్చినప్పుడల్లా మనం రెండు జవాబుల్లో ఒకటి అందుకుంటాం. ఒకటి, "జనం స్వార్థపరులు, లాఠీ ఉంటే తప్ప మాట వినరు." రెండోది, "పాతకాలంలో మనుషుల మధ్య నమ్మకం ఉండేది, ఇప్పుడు పోయింది." మా గల్లీకి ఈ రెండూ అతకవు. ఇక్కడివాళ్లు పెళ్లికి పోతే ఇంటి తాళం చెవి పక్కింట్లో ఇచ్చిపోతారు. కోవిడ్‌లో ఒకరి గుమ్మం ముందు ఒకరు టిఫిన్ డబ్బాలు పెట్టారు. నమ్మకం దండిగా ఉంది. అయినా మోటారు మాత్రం తీయలేరు. ఎందుకంటే పక్కింటాయన దొంగ కాదని నమ్మడం వేరు, రేపు పొద్దున ఐదు ఇరవైకి పదిహేడు ఇళ్లలో ఒక్క స్విచ్చీ పడదని నమ్మడం వేరు.

ప్రయోగశాలలో తేలిన సంగతి

ఈ "అందరూ చేస్తే నేనూ చేస్తా" అనే మనిషి మీద ఆర్థికవేత్తలు చాలా ప్రయోగాలు చేశారు. వాటిలో అందరికీ తెలిసిన ఆట ఒకటుంది. నలుగురికి తలా 20 రూపాయలు ఇస్తారనుకోండి. అందులో ఎంత కావాలంటే అంత ఉమ్మడి డబ్బాలో వేయవచ్చు. డబ్బాలో 100 పడితే దాన్ని 160 చేసి, వేసినవాళ్లకూ వేయనివాళ్లకూ సమానంగా పంచుతారు. నలుగురూ మొత్తం వేస్తే 80 కాస్తా 128 అవుతుంది, తలా 32 వస్తాయి. ముగ్గురు వేసి ఒకడు వేయకపోతే 60 కాస్తా 96 అవుతుంది, తలా 24. వేయనివాడి జేబులో ముందే ఉన్న 20 కలిపితే వాడికి 44. నిజాయితీగా వేసినవాళ్లకు 24.

ఈ ఆట ఆడించినప్పుడు జనం మొదటి రౌండులో సున్నా వేయరు. సగం దాకా వేస్తారు. అంటే ముందే ఎదుటివాణ్ని నమ్ముతారు. కానీ రౌండ్లు గడిచేకొద్దీ డబ్బాలో పడేది తగ్గుతూ వస్తుంది. 24 వచ్చినవాడు 44 వచ్చినవాణ్ని చూసి, "నేనొక్కణ్నే పిచ్చోణ్నా?" అనుకుంటాడు. మరుసటిసారి పది వేస్తాడు. వాణ్ని చూసి ఇంకొకడు ఐదు వేస్తాడు. చివరికి డబ్బా ఖాళీ. ఇక్కడ ఎవరూ చెడిపోలేదు. ఎవరూ మోసపోదలుచుకోలేదు, అంతే.

జ్యూరిక్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎర్న్‌స్ట్ ఫేర్, సైమన్ గాఖ్టర్ 2000లో ప్రచురించిన ప్రయోగంలో ఇదే ఆటకు ఒక నిబంధన చేర్చారు. వేయనివాడికి మిగతావాళ్లు జరిమానా వేయవచ్చు, కానీ జరిమానా వేసేవాడికి కూడా చేతి చమురు కొంత వదులుతుంది. లాభం లేకపోయినా జనం జరిమానాలు వేశారు. డబ్బా మళ్లీ నిండటం మొదలైంది. చాలా వ్యాసాలు కథను ఇక్కడితో ఆపి, శిక్ష ఉంటే సహకారం ఉంటుందని తేల్చేస్తాయి.

నాకు ఆసక్తిగా అనిపించింది దాని తరువాయి భాగం. ఇదే ఆటను గాఖ్టర్, ఆయన సహచరులు ప్రపంచంలో 16 నగరాల్లో ఆడించి 2008లో ఫలితాలు ప్రచురించారు. బోస్టన్, కోపెన్‌హాగన్ లాంటి చోట్ల జనం ఎగ్గొట్టినవాణ్ని శిక్షించారు. ఏథెన్స్, మస్కట్ లాంటి చోట్ల ఎగ్గొట్టినవాణ్నే కాక, ఎక్కువ వేసినవాణ్ని కూడా గట్టిగా శిక్షించారు. చట్టం అందరికీ ఒకేలా నడుస్తుందన్న నమ్మకం బలహీనంగా ఉన్న సమాజాల్లో ఈ రెండో రకం శిక్ష ఎక్కువగా కనిపించింది. ఆ పదహారింటిలో హైదరాబాద్ లేదు. కానీ అపార్ట్‌మెంట్ మీటింగులో లేచి నిలబడి "పార్కింగ్‌లో గోడ కట్టడం రూల్‌కు విరుద్ధం కదా" అన్నవాడికి "వచ్చాడండీ పెద్ద హరిశ్చంద్రుడు" అనే మాట ఎంత త్వరగా తగులుతుందో మనకు ఏ ప్రయోగమూ చెప్పక్కర్లేదు.

కాబట్టి శిక్షించే అధికారం ప్రతివాడి చేతిలో ఉంటే అది తొందరగా పగలు, పంతాల్లోకి దిగుతుంది. అందుకే దాన్ని మూడోవాడి చేతిలో పెడతాం. ఆ మూడోవాడికే ప్రభుత్వం అని పేరు. 17వ శతాబ్దంలో, అంతర్యుద్ధంలో కాలిపోతున్న ఇంగ్లండ్‌ను చూసిన తత్వవేత్త థామస్ హాబ్స్ దాదాపు ఇదే చెప్పాడు. అయితే ఆ మూడోవాణ్ని ఎందుకు నమ్మాలన్నది ఆయన జవాబులో సగమే తేలింది. మిగతా సగం మన వీధుల్లో వెతకాలి.

ఇడ్లీ బండి దగ్గర రెండు నమ్మకాలు

పొద్దున ఎనిమిదింటికి రద్దీగా ఉండే ఏ టిఫిన్ బండి దగ్గరికైనా వెళ్లండి. ఒకేసారి పాతికమంది నిలబడి తింటుంటారు. ఎవరు ఏం తిన్నారో రాసుకునేవాడు లేడు. చేయి కడుక్కుని వచ్చి "అన్నా, ఎంత?" అంటే, "ఏం తిన్నరు?" అని ఎదురు అడుగుతాడు. "ప్లేట్ ఇడ్లీ, ఒక వడ, ఒక ఉప్మా దోశ" అంటాం. అతను తల ఎత్తి కూడా చూడకుండా మొత్తం చెప్పేస్తాడు. ముక్కూ మొహం తెలియనివాడు తిన్న తిండికి వాడి నోటి మాటే బిల్లు.

అదే బండి మీద, చట్నీ గిన్నెల పక్కన, ఒక చిన్న స్పీకర్ డబ్బా ఉంటుంది. డబ్బు పడగానే ఎంత పడిందో గట్టిగా అరుస్తుంది. ఆ అరుపు వినపడకపోతే, మన ఫోన్‌లో ఆకుపచ్చ టిక్ చూపించినా "జర ఆగున్రి సార్" అంటాడు. నకిలీ స్క్రీన్‌షాట్లు చూపించి తప్పించుకునేవాళ్లు పెరిగాకే ఈ డబ్బాలకు గిరాకీ వచ్చింది.

వడ విషయంలో నమ్మినవాడు ఫోన్ విషయంలో ఎందుకు నమ్మడు? వడ దగ్గర అబద్ధం చెబితే మిగిలేది పదిహేను రూపాయలు. పక్కన నిలబడి తిన్నవాడు చూసే ఉంటాడు, పైగా రేపు మళ్లీ ఇక్కడికే రావాలి. ఈ మూడూ కలిసి కాపలా కాస్తాయి. ఫోన్ తెరను మాత్రం ఇద్దరు తప్ప ఎవరూ చూడరు, అది నిజమో కాదో కంటికి తెలియదు. అక్కడ అతను మన ముఖాన్ని నమ్మడం మానేసి, డబ్బా వెనక ఉన్న బ్యాంకునూ, 2016లో మొదలైన యూపీఐ వ్యవస్థనూ, వాటి మీద ఉన్న రిజర్వ్ బ్యాంకునూ నమ్ముతున్నాడు. తెలిసినవాళ్ల మధ్య నమ్మకం ఒక రకం. తెలియనివాళ్లతో లావాదేవీ జరపాలంటే మధ్యలో ఎవరో ఒకరు పూచీ పడాలి. ఇది రెండో రకం. ఒకటి ఉంటే ఇంకోటి అక్కర్లేదనుకుంటాం గానీ, అసలు ఈ రెండూ ఎక్కడ అతుక్కుంటాయో చూడాలంటే చిట్టీ దగ్గరికి పోవాలి.

చిట్టీ, షూరిటీ సంతకం

ఇరవైమంది, నెలకు 5 వేలు, ఇరవై నెలలు. చిట్టీ మొత్తం లక్ష. మూడో నెలలో ఒకరికి డబ్బు అవసరం పడింది, 25 వేలు వదులుకుని పాట పాడారు. చేతికి 75 వేలు వచ్చాయి. ఆ 25 వేలలో 5 వేలు నడిపేవాళ్ల కమీషన్, మిగతా 20 వేలు ఇరవైమందికీ తలా వెయ్యి. ఆ నెల అందరూ 5 వేలకు బదులు 4 వేలు కడతారు. చదువుకోని ఆడవాళ్లు కూడా నోటి లెక్కతో నడిపే బ్యాంకు ఇది. అప్పు, పొదుపు, వడ్డీ మూడూ ఒకే పాటలో తేలిపోతాయి.

ప్రమాదం ఎక్కడంటే, మూడో నెలలో ఎత్తుకున్నవాళ్లు మిగతా పదిహేడు నెలలూ కట్టాలి. డబ్బు చేతికొచ్చాక కట్టాలనే ఒత్తిడి ఎక్కడి నుంచి రావాలి? అందుకే ఇంట్లో చిట్టీలు నడిపే ఆంటీలు పాటలో ఎంత తోశారనేది ఒక్కటే చూడరు, ఎందుకు అంత తోస్తున్నారో కూడా కనిపెడతారు. "రెండో నెలకే ముప్పై వేలు పోగొట్టుకునేందుకు సిద్ధపడ్డదంటే ఏదో కథ ఉంది" అని పసిగడతారు. కూతురి పెళ్లా, ఆసుపత్రా, లేక ఇంకోచోట అప్పు తీర్చడానికా? ఏ బ్యాంకు మేనేజరుకూ అందని సమాచారం ఇది. ఆ ఆంటీ పెట్టుబడి అదే.

ఇక్కడో చిన్న మాట. 1982 నాటి చిట్‌ఫండ్స్ చట్టం ప్రకారం రిజిస్ట్రార్ అనుమతి లేకుండా చిట్టీ మొదలుపెట్టడం నేరం. ఆ లెక్కన మన కాలనీల్లో నడిచే చిట్టీల్లో చాలా భాగం చట్టవిరుద్ధమే. అయినా నడుస్తున్నాయి, చాలావరకు బాగానే ముగుస్తున్నాయి. గల్లీలో పరువు అనే కోర్టు వాటికి సరిపోతోంది.

ఆ కోర్టు పరిధి మాత్రం గల్లీ దాటదు. ఇరవైమంది కాస్తా రెండొందలమంది అయినప్పుడు, సభ్యులు ఒకరికొకరు తెలియనప్పుడు, నడిపేవాడు రాత్రికి రాత్రి ఇల్లు ఖాళీ చేసినా, ఐపీ పెట్టినా ఆ పరువు కోర్టు ఏమీ చేయలేదు. అక్కడికే చట్టం వస్తుంది. రిజిస్టర్డ్ చిట్టీలో నడిపే సంస్థ ముందుగా చిట్టీ మొత్తానికి సమానమైన డబ్బును బ్యాంకులో డిపాజిట్ చేసి రిజిస్ట్రార్‌కు హామీగా పెట్టాలి. కమీషన్‌కు పైకప్పు ఉంది. మొదట 5 శాతం, 2019 సవరణతో 7 శాతం. నడిపేవాడు మంచివాడా కాదా అని సభ్యుడు తలపట్టుకోనక్కర్లేకుండా, చెడ్డవాడైనా నష్టం కొంత తగ్గేలా చేసిన ఏర్పాటు.

మరి పాట పాడుకున్న సభ్యుడికి హామీ ఎవరు? షూరిటీ. అది కూడా జీతం సర్టిఫికెట్ ఉన్న షూరిటీ. హైదరాబాద్‌లో గవర్నమెంట్ ఉద్యోగం చేసే ప్రతి మనిషికీ ఈ అనుభవం ఉంటుంది. పెళ్లిలో ఎప్పుడో పలకరించిన బావగారు ఒక ఆదివారం పండ్లు పట్టుకుని వస్తారు. టీ అయ్యాక, "చిన్న సంతకం" అంటారు. ఆ సంతకాన్ని కాస్త దగ్గరగా చూడండి. బావగారు అడుగుతున్నది చుట్టరికం మీద, అంటే మనిషి మీద మనిషికి ఉన్న నమ్మకం మీద. చిట్టీ సంస్థ ఆ సంతకానికి విలువ ఇస్తున్నది మాత్రం చుట్టరికాన్ని చూసి కాదు. బాకీ పడితే జీతంలోంచి రాబట్టుకునే దారి చట్టంలో ఉంది కాబట్టి, ఆ జీతాన్ని ఒకటో తారీఖున ప్రభుత్వం తప్పకుండా వేస్తుంది కాబట్టి. ఒకే ఒక్క సంతకంలో చుట్టరికం, ప్రభుత్వం రెండూ ఉన్నాయి. అది బెడిసికొడితే ముందు తెగేది చుట్టరికం. జీతంలో కోత పడిన ఇళ్లలో ఆ బావగారి పేరు ఏళ్ల తరబడి ఎత్తరు.

ఇదే లాజిక్ బ్యాంకుల్లో ఇంకా పెద్దగా కనిపిస్తుంది. 2001లో హైదరాబాద్‌లో కృషి కోఆపరేటివ్ అర్బన్ బ్యాంక్ కుప్పకూలింది. అప్పట్లో డిపాజిట్ బీమా పరిమితి లక్ష రూపాయలే. 2020 ఫిబ్రవరి నుంచి అది 5 లక్షలు. ఈ బీమా ముఖ్యంగా ఆపేది నష్టాన్ని కాదు, పరుగును. పక్కవాడు డబ్బు తీసేసుకుంటాడన్న భయంతోనే మనమూ క్యూలో నిలబడతాం, ఆ క్యూ చూసి ఇంకొకరు నిలబడతారు, బాగున్న బ్యాంకు కూడా బోర్డు తిప్పేస్తుంది. మా గల్లీ మోటార్ల కథే ఇది, నీళ్ల బదులు నోట్లు.

నమ్మకాన్ని తాకట్టు పెట్టినప్పుడు

మనుషుల మధ్య నమ్మకం అనగానే అది మంచిదే అనుకుంటాం. 2010లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది చూశాక నేను అలా అనుకోవడం మానేశాను.

అంతకుముందు కథ బాగానే మొదలైంది. 1990లలో ఆడవాళ్ల పొదుపు సంఘాలు రోజుకో రూపాయి దాచుకోవడంతో బయల్దేరాయి. పదీ పదిహేనుమంది, ఒకే వాడ, ఒకరి కష్టం ఒకరికి తెలుసు. ముందు పొదుపు, ఆ తర్వాత సంఘంలోనే అప్పు, ఆపైన బ్యాంకు. నమ్మకం పెరిగిన కొద్దీ డబ్బు పెరిగింది.

ఆ నమ్మకాన్ని చూసి సూక్ష్మరుణ సంస్థలు వచ్చాయి. దేశంలో పెద్ద సంస్థల్లో కొన్ని హైదరాబాద్ నుంచే నడిచేవి. పద్ధతి సులువు. ఐదుగురు ఆడవాళ్లను ఒక గ్రూపు చేసి, తాకట్టు లేకుండా అప్పు ఇస్తారు. ఒకామె వాయిదా కట్టకపోతే మిగతా నలుగురూ కట్టాలి. పొదుపు సంఘంలో స్నేహం ముందు, డబ్బు తర్వాత. ఇక్కడ డబ్బే ముందు, స్నేహాన్ని తాకట్టు పెట్టుకున్నారు. వారం వారం వసూలు. ఒకే ఇంటికి మూడు నాలుగు సంస్థల అప్పులు. వాయిదా తప్పినామె ఇంటి ముందు కూర్చోవలసింది ఏజెంట్ ఒక్కడే కాదు, నిన్నటిదాకా చెంబెడు మజ్జిగ ఇచ్చిపుచ్చుకున్న నలుగురు ఆడవాళ్లు కూడా. దాదాపు నూటికి నూరు శాతం వసూళ్లు అని సంస్థలు గర్వంగా చెప్పుకున్న అంకె వెనక ఉన్న ఇంజను అదే. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి వారం వసూళ్లు, ఇళ్ల మీద పడటం ఆపింది. అంతే, వసూళ్లు ఒక్కసారిగా కూలిపోయాయి. అప్పటిదాకా కడుతున్నవాళ్లు కూడా ఆపేశారు. పక్కింటామె కట్టనప్పుడు నేనెందుకు కట్టాలి?

ఆ ఆర్డినెన్స్ తప్పా ఒప్పా అనే వాదన ఇప్పటికీ తెగలేదు. ఇళ్ల మీద పడటం ఆపాల్సిందే, అందులో నాకు అనుమానం లేదు. కానీ ప్రభుత్వం ఒక్క మాటతో వేల కోట్ల వాయిదాలు ఎలా ఆగిపోతాయో, నిజాయితీగా కట్టడమనేది ఎంత పలచని పొర మీద నిలబడి ఉంటుందో అప్పుడు అర్థమైంది.

నీరటికాడు ఎవరికి జవాబు చెప్పాలి?

ప్రభుత్వం లేకుండా కూడా జనం ఉమ్మడి ఆస్తిని కాపాడుకోగలరని, అయితే కొన్ని షరతులు ఉంటేనే అని చూపించినందుకు 2009లో ఎలినార్ ఆస్ట్రామ్‌కు ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ ఆమె. చెరువులు, అడవులు, చేపల వేటలు దశాబ్దాల తరబడి చూసి ఆమె చెప్పినవాటిలో మనకు పనికొచ్చేవి మూడు. కాపలా కాసేవాడు వాడుకునేవాళ్లకు జవాబుదారీగా ఉండాలి. మొదటి తప్పుకు చిన్న శిక్ష, తర్వాత పెరగాలి. పైన ఉన్న ప్రభుత్వం ఈ స్థానిక నియమాలను గుర్తించాలి, కాలరాయకూడదు.

తెలంగాణ పల్లెల్లో చెరువు కింద పుట్టి పెరిగినవాళ్లకు ఇది కొత్త కాదు. నీరటికాడు తూము తెరిచి, మడి మడికీ నీళ్లు పారించేవాడు. అతని కూలి సర్కారు ఖజానా నుంచి వచ్చేది కాదు, పంట కోశాక రైతులు కొలిచే గింజల నుంచి వచ్చేది. పక్షపాతం చేస్తే కళ్లంలోనే తేలిపోయేది. నీళ్లు తక్కువైన ఏడాది తైబందీ చేసి, ఏ మేరకు సాగు చేయాలో ముందే ఖరారు చేసుకునేవారు. అందులో కులం, పెత్తనం లేవని కాదు. పెద్ద రైతు మడికే ముందు నీళ్లు పారిన ఊళ్లు చాలానే ఉన్నాయి. కానీ నియమం ఏమిటో, తప్పింది ఎవరో అందరికీ తెలిసేది.

1997లో ఉమ్మడి రాష్ట్రం సాగునీటి యాజమాన్యాన్ని రైతులకు అప్పగిస్తూ చట్టం చేసి, 10 వేలకు పైగా నీటి వినియోగదారుల సంఘాలను ఒక్క దెబ్బతో ఏర్పాటు చేసింది. ఉద్దేశం మంచిదే. కానీ సంఘం జీవోతో పుడుతుంది గానీ, సంఘంలో ఒకరి మాట ఒకరు వినడం జీవోతో రాదు. చాలాచోట్ల అవి కాంట్రాక్టు పనుల చుట్టూ తిరిగాయి.

హైదరాబాద్ చెరువుల సంగతి వేరే వ్యాసం అడుగుతుంది. ఒక్క ముక్క చెబుతాను. నగరానికి తాగునీరు దూరం నుంచి రావడం మొదలయ్యాక చెరువు ఎండినా ఎవరి గొంతూ ఎండలేదు. ఆయకట్టు ప్లాట్లయింది. చూసేవాడు లేని చెరువు సర్కారుదై, సర్కారుదైన చెరువు ఎవరిదీ కాకుండా పోయింది.

మాఫీ ఎవరికి చెంప దెబ్బ?

ఇజ్రాయెల్‌లోని హైఫాలో పది పిల్లల సంరక్షణ కేంద్రాల్లో చేసిన ప్రయోగం ఒకటి 2000లో ప్రచురితమైంది. పిల్లల్ని తీసుకెళ్లడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు కొన్ని కేంద్రాల్లో చిన్న జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గలేదు, పెరిగి రెట్టింపు దాకా వెళ్లాయి. అప్పటిదాకా "పాపం టీచరమ్మ ఎదురుచూస్తోంది" అనే మొహమాటం ఉండేది. జరిమానా పెట్టాక అది రుసుము అయిపోయింది. డబ్బు కడుతున్నాం కదా, ఇంకేం మొహమాటం? తర్వాత జరిమానా ఎత్తేసినా ఆలస్యాలు పాత స్థాయికి రాలేదు.

మన దగ్గర దీన్ని ఇంకో మెట్టు ముందుకు తీసుకెళ్లాం. జరిమానా పెడతాం, తర్వాత దాని మీద డిస్కౌంట్ ఇస్తాం. 2022 మార్చిలో తెలంగాణలో పెండింగ్ ట్రాఫిక్ చలాన్ల మీద టూవీలర్లకు 75 శాతం రాయితీ ఇచ్చారు, నాలుగో వంతు కడితే చాలు. 2023 డిసెంబరులో మళ్లీ ఇచ్చారు, ఈసారి టూవీలర్లకు 80 శాతం. ఖజానాకు డబ్బు వచ్చింది, నిజమే. కానీ చలాన్ పడిన వారంలోనే మొత్తం కట్టినవాడు ఏమనుకోవాలి? ఆస్తిపన్ను కూడా అంతే. ఏప్రిల్‌లోనే కట్టినవాడికి జీహెచ్‌ఎంసీ 5 శాతం రాయితీ ఇస్తుంది. ఏళ్ల తరబడి కట్టనివాడికి వన్‌టైమ్ సెటిల్‌మెంట్ వచ్చినప్పుడు వడ్డీలో 90 శాతం మాఫీ. ఇళ్ల సంగతికొస్తే 2007 చివర్లో బీపీఎస్, 2015లో బీఆర్ఎస్, ఎల్ఆర్ఎస్ (బీఆర్ఎస్ అంటే పార్టీ అనుకోకండి, బీపీఎస్‌లాగే అక్రమ కట్టడాలను క్రమబద్ధం చేసే పథకం; ఎల్ఆర్ఎస్ అనుమతి లేని లేఅవుట్లను క్రమబద్ధం చేసేది), 2020లో మళ్లీ ఎల్ఆర్ఎస్. చుట్టూ సెట్‌బ్యాక్ వదిలి రెండంతస్తులతో ఆగినవాడు, పక్కింటాయన గోడ దాకా ఐదంతస్తులు లేపి, తర్వాత డబ్బు కట్టి సక్రమం చేయించుకోవడం కళ్లారా చూస్తాడు.

ఒక్కో మాఫీకి ఒక్కో కారణం ఉంటుంది. పేదవాడి బండి మీద పడిన చలాన్ల గుట్ట నిజంగానే భారం కావచ్చు. నా అభ్యంతరం జాలి మీద కాదు. ప్రయోగంలో 24 రూపాయలు తీసుకున్నవాణ్ని గుర్తు తెచ్చుకోండి. ప్రభుత్వం ముందుగా కాపాడవలసింది ఆ మనిషిని. అతను దేవుడి లాంటి మనిషి కానక్కర్లేదు, "అందరూ కడితే నేనూ కడతా" అనుకునే మామూలు మనిషి. ఊళ్లో ఎక్కువమంది అతనిలాంటివాళ్లే. మాఫీ ప్రకటన వచ్చిన ప్రతిసారీ అతని ఇంట్లో భార్యో కొడుకో "తొందరపడి కట్టినవు, ఆగుంటే సగంల పోయేది" అంటారు. మరుసటి ఏడాది అతను ఆగుతాడు. ఎగ్గొట్టేవాళ్ల సంఖ్యలో ఒకటి పెరుగుతుంది, అది కూడా మొన్నటిదాకా సరిగ్గా కట్టినవాడు. రాబడి లెక్కల్లో ఈ నష్టం ఎక్కడా కనిపించదు.

మళ్లీ మా మోటార్ల దగ్గరికి వస్తాను. 2025 ఏప్రిల్‌లో నగరానికి నీళ్లిచ్చే జలమండలి నల్లా పైపులకు మోటార్లు బిగించినవాళ్ల మీద ప్రత్యేక డ్రైవ్ మొదలుపెట్టింది. దొరికితే మోటారు జప్తు, 5 వేల జరిమానా. గల్లీలో ఈ వార్త మీద జరిగిన చర్చలో జరిమానా ఎంతనే మాట పెద్దగా రాలేదు. "మన గల్లీల తీస్తే, పక్క గల్లీల గూడ తీస్తరా? లేకుంటే మన నీళ్లు వాళ్లు గుంజుకుంటరు గదా" అన్నదే అందరి ప్రశ్న. 5 వేలు కాదు 500 వేసినా సరే, పైన వాల్వు దగ్గర నుంచి కింద చివరి ఇంటి దాకా ఒకే రోజు తీస్తారన్న నమ్మకం ఉంటే తీసి ఇచ్చేవాళ్లే అందరూ. అదొక్కటీ మాకు మేము చేసుకోలేనిది. పదిహేడు ఇళ్ల మాట మేం చూసుకోగలం, మెయిన్ లైన్ మీద ఉన్న పదిహేడు గల్లీల మాట చూసుకోలేం.

మొన్న వానాకాలంలో ఒక పొద్దున ఐదు ఇరవైకి కరెంటు పోయింది. ఏదో చెట్టు కొమ్మ తీగల మీద పడిందట. చుట్టుపక్కల గల్లీలన్నీ చీకటి. ఐదున్నర అయ్యింది, మోటార్లు లేవు కదా, ఈ రోజుకు నీళ్లు పోయినట్టే అనుకుంటూ సంపు మూత తీసి చూశాను. ధార పడుతోంది. సన్నగా కాదు, చిటికెన వేలంత లావుగా, నిదానంగా. వాసన లేదు. బయటికొస్తే మూడో నంబరు సారు టార్చ్‌లైట్ పట్టుకుని తన సంపులోకి వంగి చూస్తున్నారు. గల్లీ చివర ఎత్తు మీద ఉన్న ఇంటామె కూడా గేటు దగ్గరికి వచ్చి, "మీకు గూడ వస్తున్నయా?" అని అడిగింది. వస్తున్నాయన్నాం. కాసేపు ఎవరూ ఏమీ మాట్లాడలేదు, నీళ్లు పడే చప్పుడు ఒక్కటే వినిపించింది.

ఆరుంబావుకు కరెంటు వచ్చింది. ఎదురు గల్లీలో ఎక్కడో ఒక మోటారు స్టార్ట్ అయింది. సారు నా వంక చూసి, టార్చ్‌లైట్ ఆపేసి, ఇంట్లోకి వెళ్లారు. నిమిషం తర్వాత వాళ్ల మోటారూ మొదలైంది. నేనూ లోపలికి వెళ్లి స్విచ్చి వేశాను.